దంత శిబిరాలు ఏటా వస్తున్నా పిల్లల పుచ్చు పళ్ళు ఎందుకు తగ్గడం లేదు?

పాకాల మాస్టారు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పటికీ మా ఊరి బడి కమిటీవారు పిలిచినప్పుడల్లా వెళ్ళి వస్తుంటాను. మా బడికి దాదాపు ప్రతి ఏడాదీ ఏదో ఒక సంస్థ దంత శిబిరం పేరుతో వస్తుంది. బ్యానరు కడతారు, పిల్లలను వరుసగా నిలబెట్టి నోరు తెరిపిస్తారు, కాగితం మీద గుర్తులు వేసుకుంటారు, ఒక్కొక్కరి చేతిలో చిన్న పేస్టు గొట్టం పెట్టి ఫొటో తీసుకుంటారు, మధ్యాహ్న భోజనం గంట కొట్టకముందే తిరుగు ప్రయాణం కడతారు.

మూడేళ్ళ క్రితం ఒకటో తరగతిలో ఉన్న ఒక అమ్మాయికి కింది దవడ పన్ను మీద నల్లని గీత ఉందని ఆ శిబిరంలోనే మొదటిసారి చెప్పారు. మరుసటి ఏడు వచ్చినవారు అదే పన్నుకు గుంట పడిందని రాసుకున్నారు. ఈ ఏడు వచ్చేసరికి ఆ పన్ను సగం విరిగిపోయింది. చెంప వాచి, జ్వరం వచ్చి ఆ పిల్ల ఎనిమిది రోజులు బడికి రాలేదు. మూడు జాబితాలలోనూ ఆమె పేరు ఉంది. మూడుసార్లూ ‘దంతవైద్యునికి చూపించవలెను’ అని రాశారు. చూపించవలసింది ఎవరు, ఎక్కడ, ఆ రోజు కూలి పోగొట్టుకుని పిల్లను తీసుకువెళ్ళవలసింది ఎవరు అన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. జబ్బు ఉందని చెప్పి వెళ్ళిపోవడాన్ని నివారణ అనవచ్చునా? తెలిసినవారు వివరించగలరు.

తిరుపతి దంతవైద్యుడు

మాస్టారూ, మీ ప్రశ్న మా వృత్తిలో ఉన్నవారందరికీ గుచ్చుకోవలసినదే. నేను విద్యార్థులకు సామాజిక దంతవైద్యం బోధిస్తాను కనుక అటువంటి శిబిరాలకు నేనూ ఎన్నోసార్లు వెళ్ళాను, బ్యానరు పక్కన నిలబడి ఫొటో కూడా దిగాను. శిబిరం జబ్బును లెక్కపెడుతుంది తప్ప ఆపదు. పన్ను పుచ్చడం ఒక రోజులో జరిగే పని కాదు. పంటి మీద పేరుకునే పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని పులియబెట్టి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆమ్లం పెరిగిన కొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది; నోటిలో అది సుమారు 5.5 కంటే కిందికి దిగినప్పుడు పంటి పైపొర నుండి ఖనిజం కరిగిపోతుంది. కొంతసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి చేరుస్తుంది. ప్రతి పంటి మీదా రోజంతా ఈ నష్టం, పూరింపు నడుస్తూనే ఉంటాయి. నష్టం ఎక్కువైన పన్ను పుచ్చుతుంది. ఏడాదికొకసారి వచ్చే మేము రోజూ జరిగే ఈ లెక్కను మార్చలేము. మార్చగలిగినవి రెండు: తీపి ఎన్నిసార్లు నోట్లో పడుతోంది, పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రోజుకు ఎన్నిసార్లు పంటికి తగులుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి జబ్బుతో ఉన్నారు. వారిలో పాల పళ్ళు పుచ్చిన పిల్లలే 51 కోట్లకు పైగా ఉన్నారు. ఇంతమందికి కుర్చీలో కూర్చోబెట్టి పళ్ళు పూడ్చగల వైద్యులు ఏ దేశంలోనూ లేరు.

ఆ అమ్మాయి విషయంలో ఒక చిన్న అనుమానం. విరిగినది కింది వరుసలో చివరి పన్ను అయితే అది పాల పన్ను కాకపోవచ్చు. ఆరేళ్ళ వయసులో పాల పళ్ళ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, శాశ్వత దవడ పన్ను ఒకటి మొలుస్తుంది. పాత పన్ను ఊడలేదు కనుక అది కూడా పాల పన్నే అని తల్లిదండ్రులు అనుకుంటారు. మన పల్లెల్లో పిల్లలు పోగొట్టుకునే మొదటి శాశ్వత దంతం చాలాసార్లు అదే.

పాకాల మాస్టారు

మీరు చెప్పింది నిజమే. అది చివరి పన్నే. ‘పాల పన్నే కదా, ఊడిపోతుందిలే’ అని వాళ్ళ అవ్వ నాతోనే అన్నది. నేనూ సరే అన్నట్టు తల ఊపాను.

పలమనేరు అమ్మ

నేను కూడా ఆ మాట అనుకున్నదాన్నే కనుక అడుగుతున్నాను. మా చిన్నవాడికి నాలుగేళ్ళు. రెండేళ్ళ దాకా రాత్రి పూట చక్కెర కలిపిన పాలు సీసాతో తాగుతూ నిద్రపోయేవాడు. పై ముందు పళ్ళు నాలుగూ గోధుమ రంగులోకి మారి అంచులు అరిగిపోయాయి. ఒక క్లినిక్‌లో మత్తు ఇచ్చి వైద్యం చేయాలన్నారు, మాకు భయం వేసింది. ఇంకొకచోట ఏదో మందు పూస్తే పుచ్చు ఆగుతుంది గాని పన్ను నల్లబడుతుందన్నారు. నల్లబడితే బంధువులు ఏమంటారోనని మా అత్తగారు వద్దంటున్నారు. అటువంటి మందు నిజంగా ఉన్నదా?

తిరుపతి దంతవైద్యుడు

ఉన్నదమ్మా. దాన్ని సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అంటారు. సాధారణంగా 38 శాతం గాఢతతో వాడతారు. అందులోని వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని గట్టిపరుస్తుంది. సూది, మత్తు, మిషను ఏవీ అవసరం లేవు. పన్ను తుడిచి చిన్న కుంచెతో ఒక చుక్క రాస్తే సరిపోతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుందన్న మాట నిజం. ఆ సంగతి ముందుగా చెప్పి, తల్లిదండ్రులు ఒప్పుకున్న తరువాతే రాయాలి. ముందు పళ్ళకు వద్దనుకుంటే దవడ పళ్ళకైనా వాడవచ్చు. మీ బాబుకు ఏది తగునో చూసి చెప్పవలసినది అతన్ని పరీక్షించే వైద్యుడే. వెళ్ళినప్పుడు ఈ మందు గురించి మీరే అడగండి, సంకోచించవద్దు. రాత్రి సీసా మానేశారు గనుక సగం పని అయినట్టే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కనుక అప్పుడు నోట్లో నిలిచిన తీపిని కడిగేందుకు ఏదీ ఉండదు.

వేపపుల్ల

పెద్దలు క్షమించాలి. మా తాతగారు తొంభై ఏళ్ళు బతికారు, చివరి దాకా చెరకు గడ పంటితో చీల్చుకుని తిన్నారు. జీవితంలో పేస్టు ముఖం చూడలేదు. వేప పుల్ల, కానుగ పుల్ల, లేకపోతే కచ్చికపొడి, ఉప్పు వాడేవారు. పేస్టు కంపెనీలు వచ్చిన తరువాతే పళ్ళు పాడయ్యాయి. ప్రజారోగ్యం పేరుతో మళ్ళీ ఆ పేస్టునే బడిలోకి తెస్తామంటే నాకు మింగుడు పడడం లేదు.

తిరుపతి దంతవైద్యుడు

మీ తాతగారి పళ్ళను వేప పుల్ల ఒక్కటే కాపాడలేదు. ఆయన చిన్నతనంలో పొద్దున సంకటి తింటే మళ్ళీ మధ్యాహ్నం దాకా నోట్లో ఏమీ పడేది కాదు. బిస్కెట్టు, చాక్లెట్టు, సీసా పానీయం ఆ ఇంటి ఛాయలకు వచ్చి ఉండవు. బెల్లం పండుగకు తప్ప వండేవారు కాదు. పుల్లను చక్కగా నమిలి కుంచెలా చేసి తోమితే పాచి పోతుంది, అందులో నాకు వాదం లేదు. అయితే పుల్లలో ఫ్లోరైడ్ ఉండదు. ఈనాటి తిండి తింటూ ఆనాటి పుల్లతో సరిపెట్టుకోమంటే పళ్ళు నిలవవు. బొగ్గు, ఇటుకపొడి మాత్రం దయచేసి వద్దు. ముప్పై ఏళ్ళు అలా తోమినవారి పళ్ళు చిగురు దగ్గర గొడ్డలితో నరికినట్టు అరిగి ఉండడం నేను రోజూ చూస్తున్నాను.

కొట్టు యజమాని, చిత్తూరు

నేను కిరాణా కొట్టు నడుపుతాను, అందువల్ల ఎవరు ఏది కొంటున్నారో నాకు తెలుసు. వేపపుల్ల గారి అనుమానంలో కొంత న్యాయం ఉంది. పది రూపాయల పేస్టు అడిగినవారు ధర చూస్తారు తప్ప అందులో ఫ్లోరైడ్ ఉందో లేదో అట్ట మీద చూడరు. మూలికల పేరుతో వచ్చే కొన్నింటిలో అది అసలు ఉండదు. డాక్టర్ గారు ఫ్లోరైడ్ మాట ఎత్తాక నేనూ మా కొట్టులో ఉన్న అట్టలన్నీ తిరగేసి చదివాను.

ఇంకొక మాట దాచకుండా చెబుతాను. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. మా కొట్టు ఆ హద్దు లోపలే ఉంది కనుక నాలుగేళ్ళ క్రితం మానేశాను. ఆ బేరం ఆగిపోలేదు, హద్దుకు పది అడుగుల అవతల ఉన్న బంకుకు వెళ్ళింది. ఇప్పుడు పిల్లలు అడిగేది పొగాకు కాదు, తీపి వక్కపొడి పొట్లాలు. నోరు సువాసనగా ఉంటుందని రూపాయికి, రెండు రూపాయలకు దొరుకుతాయి. అందులో పొగాకు లేదు కనుక తప్పు లేదనే నేనూ అనుకునేవాణ్ణి.

తిరుపతి దంతవైద్యుడు

ఆ అభిప్రాయం చాలా ప్రమాదకరం. వక్క తనంతట తానే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మొదటి వర్గంలో, అంటే పొగాకు ఉన్న వర్గంలోనే, చేర్చి ఇరవై ఏళ్ళు దాటింది. తాంబూలంలో అప్పుడప్పుడూ వేసుకునే పలుకు వేరు, రోజుకు పది పొట్లాల ఎండు వక్కపొడి బుగ్గన పెట్టుకోవడం వేరు. బుగ్గ లోపలి మెత్తని పొర నార కట్టినట్టు బిగిసిపోతుంది. మొదట కారం తగిలితే మంట పుడుతుంది, తరువాత నోరు మూడు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోదు. ఇరవై రెండేళ్ళ ఆటో డ్రైవరు ఒకరు ఇడ్లీ ముక్కలు చేసి నోట్లోకి తోసుకోవలసి వస్తోందని నా దగ్గరకు వచ్చారు. ఆ బిగుతు పూర్తిగా వెనక్కి మళ్ళదు. దాని నుండి క్యాన్సర్ రావచ్చు కనుక అతను జీవితాంతం పరీక్షలకు వస్తూనే ఉండాలి.

ఏఎన్‌ఎం, పూతలపట్టు వైపు

మాస్టారు గారికి, డాక్టర్ గారికి నమస్కారం. ముప్పై ఏళ్ళు దాటిన వారందరికీ బీపీ, షుగరుతో పాటు నోరు కూడా చూడవలసిన పని మాకు ఉన్నది. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్ళి అలవాట్ల గురించి ప్రశ్నలు అడిగి పత్రం నింపుతుంది. నేను టార్చిలైటు వేసి బుగ్గలు, నాలుక కింద, అంగుడి చూస్తాను. తెల్లని మచ్చ, ఎర్రని మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు కనబడితే పై ఆసుపత్రికి పంపించాలి.

చెప్పినంత సులభంగా ఈ పని జరగదు. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళు ఆకు వక్కలో పొగాకు కాడ తుంచి వేసుకుంటారు, కొందరు పళ్ళకు ముక్కుపొడి రుద్దుకుంటారు. ‘పంటి నొప్పికి మందుగా వేసుకుంటున్నాను, నీకెందుకు’ అంటారు. పొగాకు వలన నొప్పి తెలియకుండా పోతుంది, లోపల పన్ను మాత్రం కుళ్ళుతూనే ఉంటుంది. మచ్చ కనబడిన వారిలో ఎక్కువమంది తిరుపతికి వెళ్ళరు. నొప్పి లేని మచ్చ కోసం ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీ ఎందుకు పెట్టాలన్నది వారి లెక్క. పోయిన ఏడాది ఒక అవ్వకు బుగ్గలో తెల్లని పొర చూసి చీటీ రాసి ఇచ్చాను. ఆ చీటీని ఆమె దేవుడి పటం వెనుక భద్రంగా పెట్టుకుంది. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు తీసి చూపించింది, ‘నువ్వు ఇచ్చిన కాగితం ఎక్కడికీ పోలేదు’ అన్నది. తరువాత ముగ్గురిని కలిపి ఒకే రోజు నేనే వెంటబెట్టుకుని తీసుకువెళ్ళాను. ఆ అవ్వది ఇంకా క్యాన్సర్ కాదన్నారు, పొగాకు మానింది, మూడు నెలలకొకసారి చూపించుకుంటోంది.

తిరుపతి దంతవైద్యుడు

ఏఎన్‌ఎం గారూ, మీరు చేసిన పనికి మన దక్షిణాదిలోనే ఆధారం ఉన్నది. కేరళలో తిరువనంతపురం దగ్గర 1996లో మొదలైన పరిశోధనలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలే దాదాపు లక్షా తొంభై వేల మంది పెద్దవారిని లెక్కలోకి తీసుకున్న 13 పంచాయతీ ప్రాంతాలలో కొన్నింట ఇంటింటికీ వెళ్ళి కంటితో నోరు పరీక్షించారు. 2005లో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. టార్చిలైటు, శిక్షణ పొందిన కన్ను తప్ప పెద్ద యంత్రమేదీ అందులో లేదు. ఆ ఫలితం రావడానికి కారణం మచ్చను చూడడం మాత్రమే కాదు, చూసిన తరువాత మనిషి ఆసుపత్రికి చేరడం కూడా. పటం వెనుక చీటీ ఉన్నంత కాలం మన పరీక్షకు ఫలితం సున్నా. పొగాకు మానదలచిన వారికి 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది, రాసి పెట్టుకోండి.

నీటి పరీక్ష

గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసేవాణ్ణి. ఫ్లోరైడ్ పేస్టు వాడమని డాక్టర్ గారు అంటుంటే నాకు ఒక ఇబ్బంది కనబడుతున్నది. మేము ఊరూరా తిరిగి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైంది, ఆ బోరు తాగవద్దని చెబుతుంటాము. దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బును, మొదట గుర్తించి 1937లో ప్రకటించినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. మన పడమటి మండలాల్లో కూడా లోతు బోర్లు వేసిన కొద్దీ ఈ సమస్య కనబడింది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీరు తాగిన పిల్లల పళ్ళ మీద సున్నపు చారలు, గోధుమ మచ్చలు వస్తాయి. ఒకే ఊళ్ళో ఒకరు ఫ్లోరైడ్ విషమని, ఇంకొకరు మందని చెబితే జనం ఎవరి మాట వినాలి?

తిరుపతి దంతవైద్యుడు

ఈ చర్చలో ఇదే అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న అని నాకు అనిపిస్తున్నది. అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో 1945లో మొదటిసారి తాగునీటిలో ఫ్లోరైడ్ కలిపారు, పుచ్చు బాగా తగ్గింది. ఆ పద్ధతిని మన జిల్లాకు తేవాలని ఎవరూ అనకూడదు, నేను అనను. మన బోర్లలో అది ఎక్కడ ఎంత ఉందో ఊరికొక తీరు. అయితే మింగిన ఫ్లోరైడ్ వేరు, పంటికి రాసిన ఫ్లోరైడ్ వేరు. మచ్చలు వచ్చేది పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపల, అధికంగా మింగినప్పుడే. పుచ్చును ఆపేది పంటి ఉపరితలానికి తగిలిన ఫ్లోరైడ్. అందుకే మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ళ వారికి బఠాణీ గింజంత పేస్టు చాలంటాము, పెద్దవారు దగ్గర ఉండి ఉమ్మించమంటాము. ప్రకటనల్లో చూపే ఆ పొడుగాటి అలను చూసి పేస్టు వేయకండి. మన దేశపు నిబంధన ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ పది లక్షల వంతుల్లో 1000 వంతులు మించరాదు.

నీటిలో ఇప్పటికే ఎక్కువ ఉన్న ఊళ్ళలో ముందు తాగే నీరు మార్చాలి, అక్కడి చిన్న పిల్లల పేస్టు విషయం వైద్యుణ్ణి అడిగి నిర్ణయించాలి. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఇరవై లీటర్ల క్యాను నీరే తాగుతున్నారు. ఆ నీటిని శుద్ధిచేసే ఆర్‌ఓ వడపోత యంత్రం ఫ్లోరైడ్‌ను చాలా వరకు తీసేస్తుంది. ఊరి బోరులో ఎంత ఉందో చూసి ఆ ఇంటి పిల్లవాడి లెక్క చెప్పలేము.

నీటి పరీక్ష

ఇప్పుడు అర్థమైంది. జల జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో కొందరు మహిళలకు నీటి పరీక్ష పెట్టె ఇచ్చి నేర్పించారు, ఫ్లోరైడ్‌ను అందులోనే చూడవచ్చు. మాస్టారూ, మీ బడి కుళాయి నీటిని వారితో ముందు పరీక్ష చేయించండి. నీరు కాచితే ఫ్లోరైడ్ పోతుందని కొందరు చెబుతుంటారు, అది తప్పు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కబడుతుంది.

పలమనేరు అమ్మ

బడిలో చిక్కీ ఇస్తున్నారు కదా, రాగి జావలోనూ బెల్లమే. ఒకవైపు తీపి తగ్గించమంటారు, ఇంకొకవైపు బడిలోనే తినిపిస్తారు. దీని సంగతి ఎవరూ మాట్లాడలేదే?

తిరుపతి దంతవైద్యుడు

అమ్మా, చిక్కీని తీసేయమని నేను అడగను. మన పిల్లలలో రక్తహీనత చిన్న సమస్య కాదు, వేరుసెనగ వల్ల పళ్ళకు హాని లేదు. బెల్లం మాత్రం పంటికి చక్కెరతో సమానమే, మన చిత్తూరు బెల్లమైనా సరే. అసలు విషయం ఎప్పుడు తింటున్నారన్నది. స్వీడన్‌లో వీపెహోల్మ్ అనే సంస్థలో 1945 నుండి కొన్నేళ్ళు జరిగిన పరిశోధనలో, అదే తీపిని భోజనంతో పాటు తిన్నవారి కంటె భోజనాల మధ్య పంటికి అంటుకునే మిఠాయిగా తిన్నవారి పళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువగా పుచ్చాయి. మానసిక వైకల్యం ఉన్నవారిని వారి సమ్మతి లేకుండా అందుకు వాడుకున్నారు కనుక ఆ పరిశోధనను తలచుకున్నప్పుడల్లా సిగ్గు కలుగుతుంది, ఫలితం మాత్రం నిజం. కాబట్టి చిక్కీని సాయంత్రం ఇంటికి వెళుతూ దారంతా చప్పరించేలా కాకుండా మధ్యాహ్న భోజనం చివర తినిపించి నీళ్ళు పుక్కిలించమంటే చాలు. మామిడి తాండ్రకూ ఇదే నియమం.

పాకాల మాస్టారు

అయితే భోజనం, చిక్కీ, ఆ వెంటనే పళ్ళు తోమడం అని వరుస పెట్టుకోవచ్చు. ఫిలిప్పీన్స్ బడుల్లో పిల్లలందరూ కలిసి చేతులు కడుక్కుని పళ్ళు తోముతారని, స్కాట్లండు శిశు పాఠశాలల్లో కూడా అటువంటి ఏర్పాటు ఉందని చదివాను. మా బడి సంగతి లెక్క వేశాను. ఒక్కొక్కరికి బఠాణీ గింజంత, అంటే పావు గ్రాము చొప్పున వంద మంది పిల్లలకు రోజుకు 25 గ్రాములు అవుతుంది. 220 పని దినాలకు ఐదున్నర కిలోలు, అంటే 150 గ్రాముల గొట్టాలు 37 చాలు. ఏటా వచ్చే శిబిరంవారు బ్యానరుకు, భోజనాలకు పెట్టే ఖర్చు ఇంతకంటె తక్కువ ఉండదని నా అంచనా. నాకున్న భయం పేస్టు గురించి కాదు, బ్రష్షుల గురించి. పదేళ్ళ క్రితం ఒకసారి ప్రయత్నించాను. అన్నీ ఒకే డబ్బాలో వేశాము, వారంలో ఎవరిది ఏదో తెలియకుండా పోయింది, ఎలుకలు కొరికాయి. సిగ్గుపడి మానేశాను.

ఏఎన్‌ఎం, పూతలపట్టు వైపు

మాస్టారూ, బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి ఏడాదికొకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు వస్తుంది, వారి పత్రంలో పళ్ళ సమస్య కూడా ఉన్నది. వారు రాసిన పేర్ల జాబితా నకలు ఒకటి మీరు అడిగి తీసుకోండి, ఇంకొకటి మీ ఊరి ఏఎన్‌ఎంకు ఇవ్వండి. ఎవరు ఆసుపత్రికి వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు అన్నది నెలనెలా ఆమె తన ఇంటింటి తిరుగుడులోనే అడగగలదు. ఆ జాబితా బీరువాలో ఉంటే అది కూడా పటం వెనుక చీటీయే.

తిరుపతి దంతవైద్యుడు

నేను ఒక మాట ఇస్తున్నాను. ఈసారి మా విద్యార్థులతో వచ్చినప్పుడు నోళ్ళు లెక్కపెట్టి వెళ్ళము. ఆరేడేళ్ళ పిల్లలందరి కొత్త దవడ పళ్ళ మీది గాడులకు రక్షక పూత వేస్తాము, మిగిలినవారికి పంటికి అంటుకుని ఉండే ఫ్లోరైడ్ వార్నిష్ రాస్తాము, ఆరు నెలలకు మళ్ళీ వస్తాము. చిన్న పుచ్చులను చేతి పనిముట్లతోనే తీసి పూడ్చే పద్ధతి ఒకటి 1980ల మధ్యలో టాంజానియాలో మొదలైంది, దానికి కరెంటు, కుర్చీ అవసరం లేవు. బడి బల్ల మీద పడుకోబెట్టి చేయవచ్చు.

పాకాల మాస్టారు

సంతోషం. మొదట ఒకటి, రెండు తరగతులతో సోమవారం నుండి ఆరంభిస్తాము, నీటి పరీక్ష ఈ వారంలోనే చేయిస్తాను. బ్రష్షుల సంగతికి ఎవరైనా ఉపాయం చెప్పండి.

కొట్టు యజమాని, చిత్తూరు

మా వడ్రంగి చేత వరుసకు పదేసి రంధ్రాలు ఉన్న పలక చేయించి పంపుతాను. రంధ్రం కింద పిల్లవాడి హాజరు నంబరు రాయండి, బ్రష్షు మీదా అదే నంబరు ఉండాలి. ఒకటీ రెండు తరగతుల వారికి మొదటి విడత బ్రష్షులు నావి. ఎలుకలకు ముందు వైపు సన్నని జాలీ తలుపు పెట్టిస్తాను. ఒక్కొక్క బ్రష్షుకు ప్లాస్టిక్ మూత కూడా పెట్టమంటారా?

తిరుపతి దంతవైద్యుడు

మూతలు వద్దు, తడి ఆరదు. రంధ్రాల మధ్య బెత్తెడు ఎడం ఉండేలా చెప్పండి, ఒకదాని కుచ్చు ఇంకొకదానికి తగలకూడదు. మూడు నెలలకు బ్రష్షులు మార్చాలి, కుచ్చు విచ్చుకుంటే అంతకు ముందే.